పటము, వర్ణము, ప్రాణము: ఒక పాశ్చాత్య సంగీతరూపకంపై సాధకదృష్టి

విష్ణుధర్మోత్తరపురాణం తృతీయఖండంలో వజ్రమహారాజు మార్కండేయమహర్షిని ఆశ్రయించి, దేవతాప్రతిమను నిర్మించే విధానాన్ని ఉపదేశించమని ప్రార్థిస్తాడు. మహర్షి వెంటనే అనుగ్రహించడు. చిత్రసూత్రం ఎరుగనివానికి ప్రతిమాలక్షణం బోధపడదంటాడు. అయితే చిత్రసూత్రమే చెప్పమని రాజు వేడుకొంటాడు. నృత్తశాస్త్రం తెలియక అది దుర్గ్రాహ్యమని సమాధానం. నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం మూలమని మహర్షి ఒక్కొక్క మెట్టే వెనుకకు తీసుకొనిపోతాడు. విగ్రహం చెక్కడం నేర్చుకొందామని వచ్చిన రాజు చివరకు సంగీతం వద్ద కూర్చోవలసివస్తుంది.

ఈ సంవాదాన్ని అనేకులు కళలకు ఉన్న పరస్పరసంబంధానికి ప్రమాణంగా మాత్రమే ఉదాహరిస్తారు. అందులో అంతకన్న సూక్ష్మమైన విషయం ఒకటి ఉన్నది. నిశ్చలమైన రూపం వెనుక చలనం ఉన్నది, చలనం వెనుక నాదం ఉన్నది. కనుక చిత్రాన్ని నిజంగా చూచినవానికి అందులోని పాట వినబడాలి. వినబడకపోతే అతడు రంగులను చూచాడే గాని చిత్రాన్ని చూడలేదు.

కృష్ణాతీరవాసులకు ఇది కొత్త సంగతి కాదు. విజయవాడ నుండి బందరు పోయే రహదారిపై చెరకుతోటల నడుమ ఉయ్యూరు ఉన్నది. అదే దారిని పామర్రు చేరి చల్లపల్లి వైపు మళ్లితే సిద్ధేంద్రయోగి సంప్రదాయానికి నిలయమైన కూచిపూడి. ఆ అగ్రహారపు భాగవతులు ప్రదర్శించిన యక్షగానాలలో ఉషాపరిణయం సుప్రసిద్ధం. పద్మశ్రీ వేదాంతం సత్యనారాయణశర్మగారు ఉషగా రంగప్రవేశం చేస్తే పురుషుడు స్త్రీవేషం ధరించాడన్న స్మృతి ప్రేక్షకులకు ఉండేది కాదని పెద్దలు చెప్పుకొంటారు. ఆ కథ మొత్తం ఒక చిత్రం మీద ఆధారపడి నడుస్తుంది. బాణాసురుని పుత్రిక ఉష స్వప్నంలో ఒక పురుషుని చూచి, మేల్కొని, అతడెవరో తెలియక తపిస్తుంది. మంత్రిపుత్రిక అయిన చెలికత్తె చిత్రలేఖ దేవగంధర్వాదులను, పిదప మనుష్యులను వరుసగా చిత్రించి చూపుతుంది. ప్రద్యుమ్నుని రూపం చూచి ఉష సిగ్గుపడుతుంది. అనిరుద్ధుని రూపం చూచి తల వంచుకొంటుంది. ఆపై చిత్రలేఖ తన యోగశక్తితో ద్వారకకు పోయి అనిరుద్ధునే తీసుకొనివస్తుంది.

ఇక్కడ సాధకుడు గుర్తుపెట్టుకోవలసినది ఒక్కటే: చిత్రం మనిషిని తెచ్చింది.

చికాగో చిత్రశాల

ఇప్పుడు దూరదేశపు ముచ్చట. ఉయ్యూరు, కంకిపాడు, పామర్రు ప్రాంతాలలో అమెరికాలో సంతానం లేని వీథి అరుదు. కుమారుని ఇంటికో కుమార్తె ఇంటికో వెళ్లి, అక్కడి నుండి చికాగో చేరిన ఆస్తికులు తప్పక చూడగోరే స్థలం ఒకటి ఉన్నది. 1893 సెప్టెంబరు 11న సర్వమతమహాసభలో వివేకానందస్వామి ప్రసంగించిన భవనం అది. ఆ భవనమే నేటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో. అది ప్రపంచప్రసిద్ధమైన చిత్రశాల. స్వామి నిలిచిన చోటికి నమస్కరించి వెనుదిరిగేవారిలో, అదే చిత్రశాలలో ఒక మహాచిత్రం ఎదుట నిలిచేవారు కొందరే.

ఆ చిత్రం ఫ్రాన్సుదేశపు చిత్రకారుడు జార్జ్ సూరా రచించిన 'ఎ సండే ఆన్ లా గ్రాండ్ జాట్'. పారిస్ సమీపాన సేన్ నదిలోని గ్రాండ్ జాట్ అనే ద్వీపంలో, ఆదివారం మధ్యాహ్నం సేదతీరుతున్న జనం అందలి వస్తువు. 1884లో ఆరంభించి రెండేళ్లు శ్రమించి 1886లో దానిని ప్రదర్శనకు పెట్టాడు. అప్పటికి అతని వయస్సు ఇరవైయారు. దాదాపు ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు కలిగిన పటం అది. సూరా రంగులను పలకపై కలపక, చిన్నచిన్న చుక్కలుగా, చిరుగీతలుగా పక్కపక్కన నిలిపాడు. వాటిని కలిపే పనిని చూచేవాని కంటికే అప్పగించాడు. దగ్గరకు పోతే బిందుసముదాయం మాత్రమే. దూరం జరిగితే గొడుగులు, టోపీలు, నీడలు, నది. 1891లో, ముప్పైయొకటవ ఏట అతడు గతించాడు. 1926 నుండి ఆ చిత్రం చికాగోలో ఉన్నది.

ఆ చిత్రాన్ని చూచి, అందులోని మనుష్యులు ఎవరు, ఎందుకు ఒకరినొకరు చూచుకోవడం లేదు అని ఆలోచించిన ఇద్దరు అమెరికా కళాకారులు దానికి నాటకరూపం ఇచ్చారు. గీతాలు, సంగీతం స్టీఫెన్ సోన్‌డైమ్‌వి. కథాసంభాషణలు, దర్శకత్వం జేమ్స్ లపైన్‌వి. 'సండే ఇన్ ద పార్క్ విత్ జార్జ్' అనే ఆ సంగీతరూపకం 1984 మే 2న న్యూయార్క్‌లోని బూత్ థియేటర్‌లో ఆరంభమై 604 ప్రదర్శనలు నడిచింది. 1985లో నాటకవిభాగంలో పులిట్జర్ పురస్కారం పొందింది. మన పరిభాషలో చెప్పాలంటే అది యక్షగానానికి దూరపుబంధువు. పాట, మాట, ఆంగికం, ఆహార్యం కలిసి కథను నడుపుతాయి.

సాధకులకు అది ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. వివాహబంధం లేని ప్రణయం, మద్యశాలలు, విదేశపు ఆచారాలు కలిగిన కథతో భక్తునికేమి పని? దీనికి సమాధానం ఆ రూపకం లోపలనే వెతకాలి.

శుక్లపటంతో ఆరంభం

తెర లేచేసరికి రంగస్థలమంతా శ్వేతం. ఒక యువచిత్రకారుడు తెల్లని కాగితం ఎదుట కూర్చొని ఉంటాడు. అతడు చిత్రవిద్య లక్షణాలను ఒక్కొక్కటిగా ఉచ్చరిస్తుండగా రంగంపై చెట్లు, నది, ద్వీపం ఆవిర్భవిస్తాయి. ఒక చెట్టు వద్దనుకొని చెరిపితే రంగం మీది చెట్టు కూడా అంతర్ధానమవుతుంది. సంకల్పమాత్రంచేత సృష్టి, సంకల్పమాత్రంచేత లయం.

ఈ దృశ్యాన్ని వర్ణిస్తే చాలు, వేదాంతశ్రవణం చేసినవారికి విద్యారణ్యస్వామి పంచదశి గుర్తుకు వస్తుంది. అందులో ఆరవ ప్రకరణం చిత్రదీపం. చిత్రం రచించే వస్త్రానికి నాలుగు అవస్థలు ఉన్నట్లే పరమాత్మకు నాలుగు అవస్థలు చెప్పబడతాయని ఆచార్యుడు ఆరంభిస్తాడు. ఉతికిన స్వచ్ఛవస్త్రం ధౌతం. గంజి పెట్టి గట్టిపరచినది ఘట్టితం. రేఖలు దిద్దినది లాంఛితం. వర్ణాలు నింపినది రంజితం. పెడన కలంకారీ పనివారి వాకిళ్లు చూచినవారికి ఈ క్రమం విడమరచి చెప్పనక్కరలేదు. గుడ్డను ఉతికి, కరక్కాయరసంలో తడిపి ఆరవేసి, అచ్చులతో రేఖలు వేసి, ఆపై రంగులెక్కిస్తారు. ఇదే విధంగా శుద్ధచైతన్యం, మాయోపాధికుడైన అంతర్యామి, సూక్ష్మసృష్టిరూపుడైన సూత్రాత్మ, స్థూలసృష్టిరూపుడైన విరాట్టు అని పరమాత్మకు నాలుగు అవస్థలు. ఎన్ని వర్ణాలు వచ్చినా వస్త్రం ఒక్కటే.

ఆచార్యుడు అంతటితో ఆగడు. చిత్రంలోని మనుష్యులకు వస్త్రాలు కూడా చిత్రించబడి ఉంటాయి. అవి నిజమైన వస్త్రాలు కావు, వస్త్రాభాసాలు. వాటికి ఆధారమైన అసలు వస్త్రం మాత్రం చిత్రంలోని ఏ బొమ్మకూ కనబడదు. జీవులు కూడా అటువంటి చిదాభాసులే. చైతన్యంపై కల్పితులై, తమ రంగులే తామని తలచి, ఆ రంగుల సుఖదుఃఖాలను ఆధారచైతన్యానికి అంటగడతారు.

సూరా చిత్రంపై వచ్చిన రూపకంలో ద్వితీయాంకం ఆరంభదృశ్యం దీనికి ఆశ్చర్యకరమైన ఉదాహరణ. ప్రథమాంకం చివర పాత్రలన్నీ ఒక్కొక్కటిగా తమ తమ స్థానాలకు చేరి మహాచిత్రంగా కుదురుకొంటాయి. తెర పడుతుంది. మళ్లీ లేచేసరికి వారు అదే భంగిమలో బిగుసుకొని ఉంటారు, కాని ఇప్పుడు ఫిర్యాదులు పాడుతుంటారు. ఉక్కపోత భరించలేమని ఒకరు, పక్కవారి పొత్తు గిట్టదని ఒకరు, తనను చిత్రించిన భంగిమ నచ్చలేదని మరొకరు. శాశ్వతకీర్తి కలిగిన చిత్రంలో స్థానం లభించింది. అయినా ఎవరికీ తృప్తి లేదు. తాము ఒకే పటంపై ఉన్నామన్న ఎరుక ఎవరికీ లేదు. ప్రేక్షకులు నవ్వుతారు. చిత్రదీపం చదివినవాడు కూడా నవ్వుతాడు, ఆపై కొంచెం ఉలిక్కిపడతాడు. కోరిన ఊరిలో జన్మించి, కోరిన విద్య పొంది, కోరిన గృహంలో ఉండి కూడా "ఉక్కపోత" అని పాడే బొమ్మలు ఎవరో తెలుస్తుంది.

టోపీ కోసం

రూపకానికి హృదయం మాత్రం అక్కడ లేదు. చిత్రకారుడు జార్జ్ ఎదుట ఎండలో గంటలతరబడి కదలక నిలబడే యువతి పేరు డాట్. ఆ మాటకు అర్థం బిందువు. (చారిత్రకుడైన సూరా జీవితం వేరు. డాట్, ఆమె సంతతి రూపకకర్తల కల్పన.) ఆమె అతని చిత్రానికి ఆధారం, అతని గృహానికి వెలుగు. ఒక సాయంకాలం ఆమెను వినోదప్రదర్శనకు తీసుకొనిపోతానని మాట ఇచ్చాడు. ఆమె అలంకరించుకొని ఎదురుచూచింది. అతడు చిత్రంలోని ఒక టోపీని పూర్తిచేస్తూ కూర్చొన్నాడు. ఆమె విసిగి వెళ్లిపోయింది. తరువాత ఒక రొట్టెలవ్యాపారిని ఆశ్రయించి, జార్జ్ వలన కలిగిన పసికందుతో అమెరికాకు తరలిపోయింది. టోపీ పూర్తయింది. ఆ టోపీ ధరించవలసిన మనిషి వెళ్లిపోయింది.

జార్జ్‌ను దుర్మార్గునిగా చూపితే నాటకం అల్పమైపోయేది. రూపకకర్తలు అలా చేయలేదు. అతని ఏకాగ్రతలో తపస్సు ఉన్నది. రాత్రింబవళ్లు ఒకే లక్ష్యం, పేరుపై ఆశ లేదు, అమ్మకంపై దృష్టి లేదు. ప్రత్యాహారం, ధారణ అని యోగశాస్త్రం చెప్పేవాటి ఛాయలు అందులో కనబడతాయి. అందువల్లనే ప్రశ్న కఠినమవుతుంది. ఇంత శుద్ధమైన ఏకాగ్రత ఎదుటి మనిషికి దుఃఖహేతువు ఎందుకైంది?

భారతీయసాహిత్యం ఈ ప్రశ్నను ఎన్నడో ఎదుర్కొన్నది. అభిజ్ఞానశాకుంతలం ఆరవ అంకంలో, శాపవశాన భార్యను నిరాకరించిన దుష్యంతుడు ఉంగరం లభించి స్మృతి కలిగిన పిదప ఆమె చిత్రాన్ని స్వహస్తంతో రచిస్తాడు. చిత్రంలోని తుమ్మెదను నిజమని భ్రమించి గద్దిస్తాడు. సాక్షాత్తుగా వచ్చిన ఆమెను పంపివేసి, ఇప్పుడు రంగులలోని ఆమెను ఆరాధిస్తున్నానని తానే వగచుతాడు. ఉత్తరరామచరితం ప్రథమాంకంలో సీతారామలక్ష్మణులు తమ జీవితమే చిత్రించిన పటాలను చూస్తారు. ఆ దర్శనం వలన కలిగిన వనవిహారకాంక్షనే ఆధారంగా సీత అరణ్యానికి పంపబడుతుంది. ఆ తరువాత రాముని యజ్ఞశాలలో మిగిలినది ఆమె స్వర్ణప్రతిమ. కాళిదాసు, భవభూతి ఇద్దరూ మానవహృదయపు ఒకే బలహీనతను పట్టుకొన్నారు. ప్రతిరూపం మాట్లాడదు, అలగదు, ఆకలి అనదు. కనుక దానిని ప్రేమించడం సులభం. సజీవమైన మనిషిని ప్రేమించడం కష్టం.

అర్చకునికి, భక్తునికి హెచ్చరిక

ఇది కళాకారులకు మాత్రమే చెందిన దోషమని సాధకులు తప్పించుకోజాలరు. భాగవతం తృతీయస్కంధంలో కపిలమహర్షి తల్లి దేవహూతికి ఉపదేశిస్తూ అతికఠినమైన మాట ఒకటి చెప్పాడు. సర్వభూతాలలో అంతరాత్మగా ఉన్న తనను ఉపేక్షించి ప్రతిమలో మాత్రమే పూజించేవాడు భస్మంలో హోమం చేస్తున్నాడని దాని తాత్పర్యం. ఆ మాట విగ్రహారాధనకు నిషేధం కాదు. అర్చను తన హృదయంలోను సర్వభూతాలలోను ఈశ్వరుని తెలుసుకొనేవరకు చేయవలసినదిగా అదే ప్రకరణం విధిస్తుంది. నిషేధం ఉపేక్షకు మాత్రమే.

ప్రాణప్రతిష్ఠ అంటే ఏమి? శిలలోనికి దేవతను ఆవాహనం చేయడం. మూర్తి అంటే దేవతను రప్పించే ద్వారం. చిత్రలేఖ గీసిన చిత్రం అనిరుద్ధుని రప్పించినట్లు, అర్చామూర్తి పరమాత్మను రప్పించాలి. రప్పించిన పరమాత్మ గర్భగుడిలోనే ఉండిపోడు. గడపవద్ద కూర్చొన్న వృద్ధురాలిలో, వంటయింటి పొగలో ఉన్న ఇల్లాలిలో, ఫోను ఎత్తని కుమారునికోసం కనిపెట్టుకొన్న తండ్రిలో ఆయనే కనబడాలి. అలా కనబడకపోతే పూజ టోపీ పూర్తిచేయడమే అవుతుంది. రెండుగంటలు జపం చేసి లేచినవాడు, కాఫీ చల్లారిందని భార్యను కసరితే, ఆ రెండుగంటలలో అతడు తన చిత్రాన్నే దిద్దుకొన్నాడు. ఇష్టదేవతకు పట్టువస్త్రం మడతపడకుండా కట్టిన అర్చకుడు, వరుసలో నిలబడి తూలుతున్న గర్భిణిని చూడకపోతే ఆ మడతల సౌందర్యం ఎవరికి అర్పితం?

కనుక జార్జ్ కథ సాధకుని కథే. ధ్యానం మనిషిని కనబడనీయకుండా చేస్తే అందులో లోపం ధ్యేయానిది కాదు. "నేను చేస్తున్నాను" అన్న సూక్ష్మాహంకారానిది. ఆ అహంకారం కుంచె పట్టుకోవచ్చు, జపమాల పట్టుకోవచ్చు.

సంతానము, కృతి

ద్వితీయాంకం నూరేళ్లు దాటి 1984లో నడుస్తుంది. చిత్రశాలలో ఆ మహాచిత్రం వేలాడుతున్నది. జార్జ్ మునిమనుమడు, అతని పేరూ జార్జే, యంత్రాలతో కాంతిశిల్పాలు చేస్తూ, ధనదాతలను మెప్పిస్తూ అలసిపోయిన కళాకారుడు. అతనితో చక్రాలకుర్చీలో వచ్చిన మాతామహి మేరీ, తొంభైయెనిమిదేళ్ల వృద్ధురాలు, నాడు అమెరికాకు చేరిన పసికందు. ఆమె చిత్రంలోని యువతిని చూపి తన తల్లి అంటుంది. మనుమడు నమ్మడు. మనిషి ఈ లోకంలో వదలివెళ్లేవి రెండేనని ఆ వృద్ధురాలి అనుభవసారం: బిడ్డలు, కళ.

ఈ ఘట్టం చూచిన తెలుగువాడు తన ఇంటి మాట విన్నట్లు ఉలిక్కిపడాలి. మన పూర్వులు సప్తసంతానాలను చెప్పారు: పుత్రుడు, తటాకం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం, కృతి. సంతానమంటే విస్తరణం, తెగక సాగే తంతువు. పుత్రుని, ప్రబంధాన్ని ఒకే పట్టికలో చేర్చిన జాతి మనది. తెలుగుకావ్యాల అవతారికలలో రాజులు కృతిని అంకితం పుచ్చుకొన్నది ఈ భావనతోనే. పట్టికలో ఏడింటిని చేర్చడంలో ఒక నీతి ఉన్నది: ఒకదానికోసం మరొకదానిని బలిచేయమని ఎవరూ చెప్పలేదు. తటాకం తవ్వించినవాడు పుత్రుని విస్మరించరాదు. కృతి రచించినవాడు గృహాన్ని ఎండగట్టరాదు. జార్జ్ విషయంలో కృతి నిలిచింది. సంతానం సముద్రానికి ఆవల, మరొకరి ఇంటిపేరుతో నిలిచింది. రెండు తంతువులు కలిసినది నూరేళ్ల తరువాత, చిత్రశాలలో.

ఉయ్యూరు ప్రాంతపు తల్లిదండ్రులకు ఇది వేరొక విధంగా తగులుతుంది. ఇక్కడ చిత్రం దిద్దుతున్నది సంతానం, ఎదురుచూచేది కన్నవారు. ఉన్నతవిద్య, ఉద్యోగం, గృహరుణం అన్న చిత్రంలో ఎప్పుడూ ఒక టోపీ మిగిలి ఉంటుంది. అది పూర్తిచేసి వస్తామంటారు. వారు దుర్మార్గులు కారు, జార్జ్ దుర్మార్గుడు కానట్లే. కాని తిరునాళ్లకు వస్తానన్నవారు రాకపోతే, వీరమ్మతల్లి గండదీపం ఎదుట నిలిచిన తల్లి కళ్లలో కనబడేది డాట్ కళ్లలోని చూపే.

రంగశాలలోని దీపం

చివరిఘట్టంలో మునిమనుమడు గ్రాండ్ జాట్ ద్వీపానికి వస్తాడు. ఎత్తైన భవనాలు లేచాయి, చెట్లు పోయాయి. చేతిలో మాతామహి ఇచ్చిన పాత ఎర్రపుస్తకం. డాట్ అక్షరాలు నేర్చుకొన్న వ్యాకరణపుస్తకం అది. అందులో, జార్జ్ పనిచేస్తూ గొణుక్కొన్న మాటలను ఆమె భద్రంగా రాసి పెట్టుకొన్నది. తనను చూడనివాని మాటలను ఆమె విన్నది, నిలిపింది. అప్పుడు డాట్ అతనికి కనబడి, గతాన్ని, ఇతరుల మెప్పును పట్టుకొని ఆగిపోవద్దని, ముందుకు సాగమని ధైర్యం చెబుతుంది. చిత్రంలోని పాత్రలందరూ వచ్చి నమస్కరించి నిష్క్రమిస్తారు. రంగం మళ్లీ శ్వేతపటమవుతుంది. నాటకం సమాప్తం.

ఉపేక్షకు గురైనవారే విముక్తి ప్రసాదించడం ఇందలి మహోన్నతభావం. కసరించుకొన్న ఇల్లాలే ప్రసాదం పెట్టినట్లు, మరచిపోయిన తల్లే ఆశీర్వదించినట్లు.

పంచదశిలోనే పదవ ప్రకరణం నాటకదీపం. నృత్యశాలలోని దీపం సభాపతిని, సభ్యులను, నర్తకిని పక్షపాతం లేక ప్రకాశింపజేస్తుంది. వారంతా వెళ్లిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది. అహంకారం సభాపతి, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళాదులు పట్టినవారు, సాక్షిచైతన్యం దీపం. ఆముదపు దివిటీలపై గుగ్గిలం చల్లి వేషాన్ని ప్రకాశింపజేసిన పాతకాలపు కూచిపూడి రంగాన్ని ఎరిగినవారికి ఈ ఉపమానం కంటి ఎదుటి సంగతి. వేషం పోతుంది, మద్దెల ఆగుతుంది, జనం ఇళ్లకు పోతారు. వెలుగుకు వారి రాకపోకలతో పని లేదు.

ఇక్కడ సాధకుడు ఒక జాగ్రత్త వహించాలి. ఆ రూపకంలోని శ్వేతపటం, చిత్రదీపంలోని ధౌతవస్త్రం ఒకటే అని తొందరపడి ప్రకటించరాదు. పరదేశంలో ఏ మంచిమాట వినబడినా అది మనవారు ముందే చెప్పారని మురిసిపోవడం శ్రవణం కాదు, అది కూడా అహంకారపు రంగే. సోన్‌డైమ్, లపైన్ చూపిన శ్వేతపటం కళాకారునికి మళ్లీ సృష్టించే అవకాశం. అక్కడ సంకల్పం నశించలేదు, నూతనమైంది. విద్యారణ్యులు చూపిన ధౌతవస్త్రం అవకాశం కాదు, అధిష్ఠానం. చిత్రం ఉన్నప్పుడు కూడా అది ధౌతంగానే ఉన్నది. దానిని చూడడానికి చిత్రాన్ని చెరపనక్కరలేదు. ఆ రూపకం సాధకుని గడపదాకా తీసుకొనిరాగలదు. గడప దాటించవలసినది గురూపదేశం.

ఇంద్రకీలాద్రిపై దసరాదినాలలో అమ్మవారికి రోజుకొక అలంకారం. బాల, అన్నపూర్ణ, సరస్వతి, మహిషాసురమర్దిని, రాజరాజేశ్వరి అని భక్తులు రోజుకొక రూపాన్ని దర్శిస్తారు. అలంకారం సడలించి అభిషేకం చేసే వేళ అర్చకుడు చూచేది ఆ రూపాలన్నింటికీ ఆధారమైన ఒకే మూర్తిని. అతడు అలంకారాన్ని ద్వేషించడు, మరునాడు మళ్లీ శ్రద్ధతో చేస్తాడు. అలంకారంలో ఉన్నప్పుడు కూడా ఆ ఒక్కమూర్తిని మరువకపోవడమే అతని విద్య. కళను ఆస్వాదించే సాధకుని విద్య కూడా అదే. కన్నీరు రావాలి, నవ్వు రావాలి, వాటికి వెలుగిస్తున్న దీపాన్ని మరువరాదు.

కనుక దూరదేశంలోని సంతానం "మంచి నాటకం ఉన్నది, చూద్దాం రండి" అంటే వారితో పోవడంలో దోషం లేదు. వివేకానందస్వామి నిలిచిన భవనానికి నమస్కరించి, అదే కప్పు కింద ఉన్న చిత్రం ఎదుట కొంతసేపు నిలబడవచ్చు. దగ్గరకు పోయి చుక్కలను, దూరం జరిగి మనుష్యులను చూడవచ్చు. పిదప పక్కనే నిలిచిన కుమారుని ముఖం కూడా ఒకసారి తేరిపార చూడాలి. ఆ ముఖాన్ని చూచి ఎన్నేళ్లయిందో అప్పుడు తెలుస్తుంది.

ధనుర్మాసంలో కృష్ణాతీరపు ప్రతి వాకిలిలో తెల్లవారకముందే ఇల్లాలు కళ్లాపి చల్లి, తడినేలపై చుక్కలు పెట్టి, వాటిని రేఖలతో కలుపుతుంది. ఆ ముగ్గుకు పేరు లేదు, సంతకం లేదు, చిత్రశాల లేదు. పాలవాడు, హరిదాసు, బడిపిల్లలు దానిని తొక్కుకొంటూ వస్తారు. ఆమె కోపగించదు. వచ్చేవారికోసమే ఆమె ఆ చుక్కలు పెట్టింది. హరిదాసు అక్షయపాత్రలో దోసెడు బియ్యం పోసి లోనికి పోతుంది. మరునాడు మళ్లీ కళ్లాపి, మళ్లీ చుక్కలు.

స్వస్తి.